అందని వంటగట్టు

“ఇది వంటగట్టా, ప్రహరీగోడా?” ఇల్లాలు నడుం మీద చేతులు పెట్టుకుని ఫిట్టర్‌ని నిలదీసింది.

పాత వంటగదిని పీకించి కొత్త మాడ్యులర్ కిచెన్ పెట్టించుకున్న మొదటి రోజది. సొరుగులు చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి, తలుపులు అద్దాల్లా మెరుస్తున్నాయి. గట్టు ఒక్కటే ఆవిడ ఛాతీ దాకా వచ్చింది. గిన్నెలో ఏం ఉడుకుతోందో చూడాలంటే మునివేళ్ల మీద లేవాలి. ఇంటాయన తల్లి మరీ పొట్టి. ఆ పెద్దావిడకైతే గిన్నె మూత కూడా కనపడటం లేదు.

ఫిట్టర్ టేపు పెట్టి కొలిచి, తల గోక్కుని, షోరూమ్‌కి ఫోన్ చేశాడు. కాసేపటికి మేనేజరే పరుగెత్తుకొచ్చాడు.

“ఆర్డరు పెట్టేటప్పుడు మావాళ్లు పప్పులో కాలేశారమ్మా. ఇంకెవరో పొడుగాయన కొలతలు మీ ఇంటికి పంపేశారు. తప్పు మాదే. కింది క్యాబినెట్లన్నీ కొత్తవి తెప్పించి మారుస్తాం. వారంలో వచ్చేస్తాయి.”

“అందాకా వంటెలా?”

“స్టూలు వేసుకుంటే...” నసిగాడు మేనేజరు.

“స్టూలా!” పెద్దావిడ గయ్యిమంది. “పొయ్యి మీద కాగే నూనె, కాళ్ల కింద స్టూలు! నా కోడలి కాలో చెయ్యో విరిగితే మీ షోరూమ్‌లో అతికిస్తారా? గట్టు మార్చేదాకా మేమిద్దరం ఈ గదిలో అడుగు పెట్టం.”

అంతే, నలుగురి కళ్లూ ఒక్కసారిగా ఇంటాయన మీద పడ్డాయి. ఆయన ఆరడుగుల మనిషి. గట్టు ఆయన మోచేతుల కిందికి, కొలిచి కుట్టించిన చొక్కాలా సరిపోయింది.

“నన్నలా చూస్తారేంటి? నాకు నీళ్లు కాచడం కూడా రాదు!”

“వారమే కదండీ. గుమ్మంలో నిలబడి నేను చెబుతాను, మీరు చేద్దురుగాని,” అంది ఇల్లాలు.

“ఎంత కష్టమొచ్చిందిరా నాయనా నీకు!” పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ వారం ఆ ఇంట్లో ఏం తిన్నారో ఆ దేవుడికే తెలియాలి. ఒకరోజు కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు. మర్నాడు వేసిన సంగతి మరిచిపోయాడు. ఉల్లిపాయలు తరిగి ఎర్రబడిన కళ్లతో ఆఫీసుకి వెళితే, ఇంట్లో ఏమైనా అశుభమా అని పక్క సీటతను పరామర్శించాడు.

వారం గడిచింది. ఫోన్ చేస్తే ఫ్యాక్టరీలో ఆలస్యమన్నాడు మేనేజరు. రెండో వారం లారీ చెడిపోయిందన్నాడు. మూడో వారం రంగు తేడా వచ్చి వెనక్కి పంపామన్నాడు.

“పొద్దున్నే నేనూ ఫోన్ చేసి వాణ్ని దులిపేశాన్రా,” అనేది పెద్దావిడ, కొడుకు తెచ్చిన కాఫీ ఊదుకుంటూ. “సిగ్గూ ఎగ్గూ లేని మనిషి. మగపిల్లాడి చేత గరిటె పట్టించాడు!”

నాలుగో వారంలో ఒక ఆదివారం వంకాయ కూర కుదిరింది. ఇల్లాలు రెండోసారి వడ్డించుకుంది. ఇంటాయనకి నిజంగానే సంతోషమేసింది. మరుక్షణమే చేతిలో గరిటె కింద పెట్టేశాడు. ఇలా కుదిరితే ఇక తనని వదిలేదెవరు?

“కొత్త క్యాబినెట్లు ఎప్పుడొస్తాయో ఒక్కసారైనా అడిగావా నువ్వు?” అన్నాడు అనుమానంగా.

“మీరు రోజూ అడుగుతున్నారుగా,” అంటూ ఇల్లాలు సోఫాలో కాళ్లు చాపుకుని, టీవీ సౌండు పెంచింది.

ఆ చాపుకోవడం ఆయనకి నచ్చలేదు. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి తిన్నగా షోరూమ్‌కి వెళ్లాడు. మేనేజరు వేరే బేరంలో ఉన్నాడు. ఎదురుచూసే ఓపిక లేక వెనక గోడౌన్‌లోకి నడిచాడు. గోడవారగా అట్టపెట్టెల వరస. ప్రతి పెట్టె మీదా తన ఇంటి నంబరే. వేలితో రాస్తే అక్షరం పడేంత దుమ్ము.

వెనకాలే మేనేజరు రొప్పుతూ వచ్చాడు.

“ఇవెప్పుడొచ్చాయి?”

“మొదటి... మొదటి వారంలోనేనండీ.”

“మరి ఫ్యాక్టరీ, లారీ, రంగు?”

మేనేజరు జేబురుమాలు తీసి పెట్టె మీది దుమ్ము తుడవసాగాడు.

“నాకు తెలుసయ్యా. ఆపమన్నది మా ఆవిడేగా? నిన్ననే అనుకున్నాను. కాళ్లు చాపుకుని టీవీ చూస్తోంది!”

“అయ్యయ్యో, ఆవిడకేమీ తెలీదండీ. పొద్దున్నే ఫోన్ చేసి ‘ఇవాళ కూడా పంపొద్దు’ అని చెప్పేది మీ అమ్మగారు.”

ఇంటాయన పక్కనున్న పెట్టె మీద కూలబడ్డాడు. “మా అమ్మా? నేను గరిటె పట్టుకుంటే కళ్లనీళ్లు పెట్టుకునే మా అమ్మా?”

“ఆవిడేనండీ. ‘ఇలా ఎన్నాళ్లమ్మా, మాకు చెడ్డపేరు వస్తోంది’ అని నేనూ మొత్తుకున్నాను.”

“ఏమంది?”

“‘వాడికి వంట నేర్పడం నేనే నలభై ఏళ్లు ఆలస్యం చేశాను, నువ్వు నలభై రోజులు ఆలస్యం చెయ్యలేవా నాయనా’ అన్నారండీ.”