తెల్ల అట్టలు

“ఏంది సతీష్ ఇది? మన ఘుగ్గుస్ ఊర్ల దుమ్మే లేదా?”

కెజియా టీచర్ స్టాఫ్ రూమ్ బల్లను అలవాటుగా చీర కొంగుతో ఒకసారి తుడిచి, సంచిలోని అట్టలన్నీ దాని మీద కుమ్మరించింది. ఏడో తరగతి పిల్లలు వారం పాటు తమ ఇళ్ళ బయటి గోడలకు తగిలించిన తెల్ల అట్టలు అవి. ఒక్కోదాని మీద వాసెలిన్ పూసి ఇచ్చింది తనే. గాల్లోని బొగ్గుపొడి దానికి అంటుకోవాలి, వారం తిరిగేసరికి అట్ట నల్లబడాలి. అదీ ప్రయోగం. మీరెవరూ ముట్టొద్దని, ఏ రోజైనా మీ ఇళ్ళకొచ్చి చూస్తానని పిల్లలకు గట్టిగా చెప్పింది కూడా. పరీక్షల డ్యూటీ పడటంతో పోవడం మాత్రం కుదరలేదు.

రేపు చంద్రపూర్‌లో జిల్లా సైన్సు ప్రదర్శన. ఆ నల్లటి అట్టలను అధికారుల ముందు వరసగా పేర్చి, మా బడి ముందు నుంచి పోయే బొగ్గు లారీలకు టార్పాలిన్ కప్పించండి మహాప్రభో అని అడగాలన్నది ఆమె పంతం. తీరా చూస్తే అట్టలు పాలతో కడిగినట్టున్నాయి.

“కొత్తవి పెట్టిన్రేమో అక్కా” అన్నాడు సతీష్. అతను లెక్కల మాస్టారు. ఈ ప్రయోగాల పీరియడ్ మొదలుపెట్టినప్పటి నుంచి ఆమెకు కుడిభుజం.

“మార్చలే. ఎనుక నా సంతకం ఉంది జూడు. వాసెలిన్ లేదు, దుమ్ము లేదు. మంచిగ తుడిసిన్రు.”

“పిల్లలా?”

“ఒకరిద్దరైతే పిల్లలనుకుందు. క్లాసుకు క్లాసు తుడుస్తదా? ఎవరో చెప్పిన్రు.”

ఆ మాట నోట్లోంచి రాగానే ఆమెకు సతీష్ మీదే అనుమానం తగిలింది. సతీష్ వాళ్ళన్న ఊరి చివరి ఇనుము ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. లారీలు పోయేది అక్కడికే. ఈ అట్టల సంగతి ఇంట్లో చెబితే అన్న ముఖం మాడ్చుకున్నాడని మొన్న సతీషే నవ్వుతూ అన్నాడు. అప్పుడు తనూ నవ్వింది, పిచ్చిది!

విసవిసా క్లాసుకు వెళ్ళింది.

“అట్టలు తుడవమని మీకెవరు చెప్పిన్రు?”

పిల్లలు బిక్కచచ్చిపోయారు.

“రెబెక్కా, నువ్వు చెప్పు.”

ముందు బెంచీ రెబెక్కా దగ్గుతూ లేచి నిలబడింది. ఆ పిల్ల దగ్గు వినలేకే కెజియా ఈ పని నెత్తిన వేసుకుంది.

“ఎవ్వరు చెప్పలే టీచర్. నేను చెయ్యి గూడ పెట్టలే. మీరు ముట్టొద్దన్నరు గద.”

“మరి దానంతటదే తెల్లగైందా?”

రెబెక్కా కళ్ళనిండా నీళ్ళు. ఇంత పసిపిల్లలకు అబద్ధాలు కూడా నేర్పారన్నమాట! కెజియాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిరిగొచ్చి, స్టాఫ్ రూమ్‌లో అందరి ముందే అడిగేసింది.

“మీ అన్న ఎంత భయపెట్టిండు సతీష్? ఇల్లిల్లు తిరిగి చెప్పొచ్చినవా?”

“నన్నంటున్నవా అక్కా?”

“నిన్నుగాక ఎవరినంట? మా సంగతి అంత ఎరుకున్నోనివి నువ్వొక్కనివే. నా పక్కన గూసొని చాయ్ తాగుకుంటనే నా గొంతు గోసినవ్.”

సతీష్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. మెల్లగా అన్నాడు. “సబూతేమన్న ఉందా అక్కా?”

“తెస్త. తెచ్చి నీ ముఖం ముందట పెడ్త.”

ప్రదర్శన కోసం తను అట్టముక్కలతో చేసిన లారీ బొమ్మను సతీష్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. దానికి చిన్న టార్పాలిన్ కూడా కుట్టి కప్పి తెచ్చాడు. సంచి తగిలించుకుని వెళ్ళిపోయాడు. తప్పు లేనివాడైతే సాక్ష్యం అడుగుతాడా అనుకుంది కెజియా. నేరుగా పెద్ద మేడం దగ్గరికి పోయి, ప్రదర్శన నుంచే కాదు, ప్రయోగాల పీరియడ్ నుంచి కూడా అతని పేరు కొట్టించేసింది. సొంత తమ్ముడి కంటే ఎక్కువగా చూసుకున్నందుకు మంచి బుద్ధే చెప్పాడు! బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి, కరువుతీరా ఏడ్చింది.

ఏడ్చినా కడుపుమంట చల్లారలేదు. ఒక్క ఇంట్లోనైనా ఆ ద్రోహి పేరు చెప్పించాలి. బడి వదలగానే రెబెక్కాను స్కూటీ ఎక్కించుకుని వాళ్ళుండే బొగ్గుగని కాలనీకి పోయింది.

రెబెక్కా నానమ్మ రాహేలమ్మ గడపలోనే ఎదురొచ్చింది. ముసలామె ముఖం వెలిగిపోయింది.

“అయ్యో టీచరమ్మా, ఇయ్యాలొచ్చినవా! మొన్నొస్తవనుకున్న, నిన్నొస్తవనుకున్న. వారం సంది ఎదురుజూసుడే అయిపాయె. రా, కూసో. చాయ్ పెడ్త.”

“కూసోను అవ్వా. ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. గోడ మీది అట్టను తుడవమని సతీష్ సారొచ్చి చెప్పిండు గద?”

“ఏ సారు?”

“భయపడకు. నీ పేరు బయటికి రానియ్య. మీ వాడకట్టుల అందరు తుడిసిన్రు. ఒకరు చెప్పకుంట అందరికి ఒక్కటే బుద్ధి ఎట్ల పుడ్తది?”

రాహేలమ్మకు ఏమీ అర్థం కాలేదు. అయోమయంగా చూస్తూనే భుజం మీది గుడ్డ తీసి, టీచర్ కోసం వేసిన కుర్చీని మరోసారి తుడిచింది. తుడిచి, నవ్వింది.

“నువ్వొస్తున్నవనే అందరం తుడిసినం బిడ్డా.”