కనబడుటలేదు

అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది. తిరగబడిన చొక్కా చేతుల్ని బయటికి లాగుతుండగా, బల్ల దగ్గర్నుంచి కూతురి గొంతు వినిపించింది.

"ఛ! మళ్ళీ తీసేశారు."

అన్న కబురు పెట్టగానే ఆఫీసుకి సెలవు పెట్టి పుట్టింటికి పరుగెత్తుకొచ్చింది ఆ చెల్లెలు. అప్పట్నుంచి లాప్‌టాప్ ముందే కూర్చుంది. ఆమె పక్కనే స్టూలు మీద అన్న. గడ్డం మాసిపోయి, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఏమంటున్నారే?"

"అదే పాట. మన పోస్టు స్పామ్‌లా ఉందట. నీ అకౌంటు మళ్ళీ ఆపేశారు."

తెర మీద వదిన ఫొటో. పైన 'కనబడుటలేదు' అని ఎర్రక్షరాలు. కింద అన్న నంబరు.

"పెళ్ళాం కనపడట్లేదు మొర్రో అని మొత్తుకుంటుంటే స్పామ్ ఏంటి? సబ్బులు అమ్ముకుంటున్నామా మనం?"

"చదివేది మనిషి కాదన్నా, మెషీను. మన ఏడుపు దానికేం తెలుస్తుంది?"

ఒక బట్టల కొట్టు ప్రకటనల్ని వందల గ్రూపుల్లోకి వాటంతటవే వెళ్ళేలా చేయడం చెల్లెలి ఉద్యోగం. ఆ ప్రోగ్రామునే ఇప్పుడు వదిన కోసం వాడుతోంది. అన్నిచోట్లా ఒకే మాటలుంటే పట్టేస్తారని రకరకాలుగా తిరగరాసింది. ఫొటో అంచులు కత్తిరించింది. లింకు తీసేసింది. గంట కొట్టినట్టు వెళ్ళే పోస్టుల్ని ఒకటి తొందరగా, ఇంకొకటి తాపీగా వెళ్ళేలా మార్చింది.

"మెషీన్ని మనిషని నమ్మించాలంటే దానికి కాస్త బద్ధకం నేర్పాలన్నా," అంది, అతన్ని నవ్విద్దామని. ఎవరూ నవ్వలేదు.

"పోనీ వదిలెయ్యవే," అంది అమ్మ, తలెత్తకుండా. "వాళ్ళు అన్నిసార్లు వద్దంటుంటే ఎందుకు? దాని రాత ఎలా ఉంటే అలా జరుగుతుంది."

"ఏమ్మా, నీ కోడలు దొరక్కూడదా?"

అన్న గొంతు పెంచలేదు. అయినా అమ్మ మడతపెట్టిన చొక్కాని విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"అమ్మనెందుకంటావన్నా? పాపం, భయపడి అంటోంది."

"నాకు మాత్రం భయం లేదా? దానికి ఒంటరిగా రోడ్డు దాటడం కూడా రాదే. చేతిలో ఫోనైనా లేదు. ఎక్కడ ఏమైపోయిందో..." అన్న రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

చెల్లెలు పట్టుదలగా మళ్ళీ తెర వైపు తిరిగింది. తీసేసిన పోస్టుల్నీ మిగిలిన పోస్టుల్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఏ గ్రూపులోదో ఓపిగ్గా చూసుకుంటూ వెళ్ళింది. చివరికి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"అన్నా, ఇది మెషీను పని కాదు. మనుషుల పనే."

"అంటే?"

"దూరపు ఊళ్ళ గ్రూపుల్లో పెట్టినవాటి జోలికి ఎవరూ రావట్లేదు. మన ఊరి గ్రూపుల్లో పడ్డం ఆలస్యం, రిపోర్టు కొట్టేస్తున్నారు. అదీ ఒక్కరు కాదు. వాళ్ళ దెబ్బకే మొత్తం ఆగిపోతోంది."

"ఎవరే వాళ్ళు?"

"పేర్లు చూపించదన్నా."

"నా కొంప కూలితే చూసి నవ్వుకునేవాళ్ళు. ఇంకెవరు?"

"కొట్టనీ. మన ఊరి గ్రూపులన్నీ పీకేస్తా. నీ పేరుతో కాకుండా నా అకౌంటులోంచి, బయటి గ్రూపుల్లోనే పెడతా. కంటికి కనపడందే ఎలా రిపోర్టు కొడతారో చూస్తా."

అమ్మ ఒళ్ళోంచి బట్టలు జారిపోయాయి. "మన ఊరివి తీసేస్తే ఎలాగే? తెలిసినవాళ్ళేగా దాన్ని గుర్తుపట్టేది? అవి ఉంచవే."

"ఇందాక అసలు వద్దే వద్దన్నావుగా?"

అమ్మ కిందపడ్డ బట్టల్ని ఏరుకుంటూ ఉండిపోయింది.

ఈసారి పోస్టుని ఎవరూ తీసేయలేదు. అమ్మ బట్టలన్నీ బీరువాలో సర్ది, కూరలు తరుగుతుండగా తెర మీద ఒక కామెంటు వచ్చింది. 'ఈవిడ మా కాలనీలో కుట్టుపని సెంటర్‌లో చేస్తున్నారు. పక్కనే లేడీస్ హాస్టల్లో ఉంటున్నారు. పాపం, ఇంటివాళ్ళు ఎంత వెతుక్కుంటున్నారో.' దాని కింద అడ్రసు.

"అమ్మా! వదిన దొరికింది! క్షేమంగా ఉందమ్మా!" చెల్లెలు కుర్చీలోంచి ఎగిరి లేచింది.

అన్న వంగి ఆ కామెంటు చదివాడు. అడ్రసుని తన ఫోన్లో ఫొటో తీసుకుని గదిలోకి వెళ్ళాడు.

"ఉండన్నా, నేనూ వస్తా!"

చెప్పుల కోసం వెళ్ళబోతున్న కూతురి మణికట్టుని అమ్మ గట్టిగా పట్టుకుంది.

"ఆ రిపోర్టులు కొట్టింది నేనేనే," అంది గుసగుసగా. "ఈ వీధి ఆడవాళ్ళందరి చేతా నేనే కొట్టించాను."

"నువ్వా?"

"అది తప్పిపోలేదు. బతికి బట్టకట్టాలంటే వీడి కంట పడకూడదని నేనే బస్సెక్కించాను."

"మరి నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా అమ్మా?"

"నువ్వొచ్చినప్పట్నుంచి వాడు నీ పక్కనుంచి కదిలాడా? అయినా, మీ అన్న అలాంటివాడంటే నువ్వు నమ్మేదానివా?"

చెల్లెలు గది వైపు చూసింది.

అన్న గదిలోంచి బయటికొచ్చాడు. మొహం కడుక్కున్నాడు. కళ్ళలో తడి లేదు. బల్ల మీదున్న వాళ్ళిద్దరి ఫోన్లూ తీసి జేబులో వేసుకున్నాడు. లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాడు. తల్లినీ చెల్లెల్నీ ఒకసారి చూసి, పెదవి విప్పకుండా గుమ్మం దాటి, తలుపు దగ్గరికి లాగాడు.

బయటి నుంచి గొళ్ళెం పడింది.