దొరగారి ప్లగ్గు

గోడకున్న పింగాణీ ప్లగ్గు బిళ్లను సుబ్రమణ్యం స్క్రూలు విప్పి తీస్తున్నాడు. అలివేలమ్మ మాత్రం పనిమనిషి కుప్పమ్మ ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"ఆఖరుసారి అడగతాండా. ఫ్యాను యాడ పెట్టినావు?"

"నాకు తెలీదమ్మా. నీళ్లకు బోతా తలుపు దగ్గరికేసి పోయినా. అంతే," అంది కుప్పమ్మ. పొద్దుటి నుంచీ ఆమెది అదే మాట.

ఆ బల్లఫ్యాను ఇంటికొచ్చి ఏడాది కాలేదు. స్వరాజ్యం రాగానే రేణిగుంట రైల్వే దొర ఒకాయన సామాన్లు అమ్మేసుకుని వాళ్ల సీమకు ఓడెక్కుతుంటే, ఉబ్బసంతో రాత్రంతా కూర్చునే మొగుడు జయరామయ్య కోసం అలివేలమ్మ పట్టుబట్టి కొనిపించింది. తెచ్చాక గానీ అసలు చిక్కు తెలియలేదు. దాని ప్లగ్గుకు నడుమ లావాటి గుండ్రని పుల్ల, అటూ ఇటూ రెండు చదును పుల్లలు. తిరుపతిలో ఏ గోడకు చూసినా గుండ్రటి బొక్కలే. చదును పుల్లలు వాటిలో దూరితే ఒట్టు. దాన్ని కోసేసి వేరే ప్లగ్గు కట్టడానికి ఊళ్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి చిత్తూరు నుంచి ఆమె తమ్ముడు సుబ్రమణ్యమే వచ్చి, దొర బంగళా గోడకున్న జోడు బిళ్లను అడిగి ఊడదీయించుకొచ్చి ఇక్కడ బిగించాడు. అక్క సంసారమంటే అతనికి అంత ఆపేక్ష మరి!

ఆయుధపూజనాడు అలివేలమ్మ ఫ్యానుకూ బిళ్లకూ కుంకుమ బొట్లు పెట్టింది. గోడలు దులిపేటప్పుడు కూడా కుప్పమ్మ ఆ బొట్టు మీద గుడ్డ పడనిచ్చేది కాదు. బిళ్ల మూలనున్న పగుల్లోకి కుంకుమ ఇంకి గీతలా నిలిచిపోయింది.

మొన్న భార్యాభర్తలు తిరుమలకు వెళ్లారు. చుట్టపుచూపుగా వచ్చి ఉన్న సుబ్రమణ్యమే వాళ్లను కొండ బస్సెక్కించి, తానూ అటునుంచటే చిత్తూరు పోతానన్నాడు. ఇంటి తాళం ఎప్పటిలాగే కుప్పమ్మ చేతిలో పెట్టారు. దిగి వచ్చేసరికి ఫ్యాను ఉండే ముక్కాలిపీట ఖాళీగా ఉంది. కబురందగానే పాపం తమ్ముడు మళ్లీ పరుగెత్తుకొచ్చాడు.

"పోలీసోళ్లకు చెప్పండి గానీ, కుప్పమ్మను అనొద్దు," అన్నాడు జయరామయ్య మంచం మీద నుంచి, ఆయాసపడుతూ.

"పోలీసులెందుకు బావా? నువ్వే ఆలోచించు," అన్నాడు సుబ్రమణ్యం. "తెలిసినోడైతే ఆ ప్లగ్గును సూసి వదిలేసి పోతాడు. ఈ జిల్లాలో ఇంకే గోడకు పెట్టినా అది తిరగదు. ఏమీ తెలీనోళ్లే ఇత్తడి రెక్కల మీద ఆశపడి తూకానికి అమ్మేసింటారు."

ఆ మాటతో అలివేలమ్మకు, కుప్పమ్మ కాదేమో అన్న కాస్త సందేహమూ తీరిపోయింది. తనకు అమ్మవారు పోసినప్పుడు సొంతవాళ్లంతా గడప తొక్కడానికి భయపడితే, కుప్పమ్మ ఒక్కతే పక్కన కూర్చుని వేపమండలతో విసిరింది. అంత చేసిన మనిషే ఇంతకు తెగించిందంటే, ఇన్నేళ్లూ తాను నమ్మింది ఎవరిని? దొంగతనం కన్నా ఆ నమ్మకద్రోహమే ఆమెను ఎక్కువ కాల్చింది.

"పో. మళ్లీ నా గడప తొక్కొద్దు."

కుప్పమ్మ కొంగుముడి విప్పి తాళంచెవి గడప మీద పెట్టింది. "అయ్యకు రాత్రిళ్లు వీపు రాయమ్మా, ఆయాసం తగ్గతాది," అని చెప్పి వెళ్లిపోయింది.

"ఈ బిళ్ల ఇంకెందుకులే అక్కా. సూసినప్పుడల్లా నీకు కడుపు మండతాది. నేను పారేస్తా," అని సుబ్రమణ్యం దాన్ని సంచిలో వేసుకున్నాడు.

ఆ వేసవి ఇంటిల్లిపాదినీ ఏడిపించింది. జయరామయ్యకు విసిరి విసిరి అలివేలమ్మ చేతులు పడిపోయాయి. దొంగ అన్న పేరు పడ్డాక వీధిలో ఎవరూ పని ఇవ్వక, కుప్పమ్మ వడమాలపేట వైపు కూలికి పోయిందని తెలిసింది. మొగుడు ఆమె పేరెత్తితే చాలు, అలివేలమ్మ కస్సుమనేది. కోపం తగ్గాక మాత్రం చాటుగా ఏడ్చేది.

ఒకరోజు మొగుడి మందు కోసం చిత్తూరు వెళ్లింది. వస్తే ముందుగా కార్డు రాయమని తమ్ముడు ఎప్పుడూ చెబుతుంటాడు గానీ, ఈసారి అంత వ్యవధి లేకపోయింది. బస్సుకు ఇంకా పొద్దుందని వాళ్లింటికి నడిచింది. తలుపు తీయడానికి చాలాసేపే పట్టింది. మరదలు వరలక్ష్మమ్మ చెమట తుడుచుకుంటూ వచ్చి, ఆయన తాలూకా కచేరీకి పోయారని చెప్పి, లోపల చాప వేసింది. మజ్జిగ ఇచ్చి, తాటాకు విసనకర్ర అందుకుంది.

"ఎండలు సంపేస్తాండాయి గదా వదినా," అంటూ తనే విసరసాగింది.

అలివేలమ్మకు ప్రాణం లేచొచ్చింది. పరాయివాళ్లను నమ్మి మోసపోయిన తనకు పుట్టింటి వాళ్లయినా మిగిలారనుకుంటూ గోడకు చేరగిలబడింది. భుజానికి ఏదో గుచ్చుకుంది. వెనక్కి తిరిగి చూసింది. కొత్త చెక్క మీద తెల్లటి పింగాణీ బిళ్ల బిగించి ఉంది. నడుమ గుండ్రటి బొక్క, అటూ ఇటూ చదును బొక్కలు.

మూల పగుల్లో కుంకుమ ఇంకా చెరగలేదు.