గడప దాటొద్దు

స్పెయిన్‌లో సెవిల్ అనే పాత ఊళ్ళో పెద్ద చర్చి గోపురం ఎక్కి, ఆయాసం తీరకముందే అండమాన్‌లో, హాడోలో మా ఇంట్లో ఉన్న మా ఆయనకి వీడియో కాల్ చేశాను. ఎండుచేపలమ్మి నేను దాచుకున్న సొమ్ముతో వచ్చిన టూరు ఇది.

"బస్, చూసింది చాలు. వచ్చీయే గురమ్మా," అన్నాడు మా ఆయన. "ఆడదానివి, ఒక్కర్తివి, ఏటా తిరుగుడు?"

"ఇంకా రాజుగారి కోట ఉంది. చూసే వస్తాను."

"మరి నా తిండో? హోటల్‌కి పోతన్నాను," అంటూ చొక్కా తగిలించుకున్నాడు.

"ఆగు. గడప దాటకు."

"ఏటి?"

"మనిషి సముద్రం మీదుంటే, తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్ళు గడప దాటకూడదని ముప్పై ఏళ్ళు నాకు చెప్పింది నువ్వే. దాటితే బోటు మునిగిపోద్దన్నావు. డిగ్లీపూర్‌లో మా అమ్మ పోయినప్పుడు కూడా నీ బోటు ఇంకా రాలేదని నేను వెళ్ళలేదు. ఇప్పుడు నేను ఎన్ని సముద్రాలు దాటొచ్చానో తెలుసా?"

అతను గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"పోనీ, వెళ్ళు," అన్నాను. "వెళ్ళి కడుపునిండా తిను. నువ్వు దాటితే నేను మునుగుతానో లేదో ఇవాళ తేలిపోద్ది."

అతని చేతిలో ఫోను కిందికి వాలింది. అందులో మా గడప, దాని ముందు అతని కాళ్ళు కనిపించాయి. కుడికాలు లేచింది. కాసేపు గాల్లోనే ఆగింది. మళ్ళీ ఇంట్లోకే దిగింది.

"బియ్యం డబ్బా ఎక్కడెట్టావే?" అని అడిగాడు.