చెవిపెట్టె పలకరింపు

ప్రభుత్వం ప్రతి ఇంటి గుమ్మానికీ చెవిపెట్టె బిగించి మూడేళ్లయింది. తెల్లారగానే అది మర్యాదగా, "బాగుండారా?" అని పలకరిస్తుంది. మనం చెప్పిన మొదటి మాటను అసెంబ్లీకి పంపి, మర్నాటిదాకా నిద్రపోతుంది. చట్టాలన్నీ ఆ మాటలను బట్టే చేస్తారు.

ఆదోనిలో ఉరుకుందమ్మ ఉండే వీధికి నలభై రోజులుగా కొళాయి నీళ్లు రావడం లేదు. అయినా ఆమె రోజూ ఖాళీ బిందె చంకన పెట్టుకుని, "బాగుండాం నాయనా, నువ్వు బాగుండావా?" అనేది. ఆ తర్వాత నీళ్ల సంగతి ఎత్తేది. అప్పటికే పెట్టె గురక పెడుతుండేది. వీధి మొత్తం ఇదే వరస.

అందరూ ఇంత బాగున్నారు కదా అని ప్రభుత్వం నీళ్ల పైపులు తవ్వి తీసుకుపోయి, కొళాయి ఉన్నచోట సంతృప్తి స్తూపం కట్టించింది.

ఉరుకుందమ్మ కోడలు రేణుకకు ఒళ్లు మండింది. "రేపు నేను బాగలేమని చెప్తా అత్తా."

"పొద్దున్నే గుమ్మంలో నిలబడి అట్లాంటి మాట అంటారేమే? ఇంటికి మంచిది కాదు!"

రేణుక వినలేదు. తెల్లారగానే, "బాగలేము!" అని పెట్టె అదిరేలా అరిచింది. మూడేళ్లలో రాష్ట్రం మొత్తమ్మీద ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. గంటలో ఎమ్మెల్యే స్వయంగా వచ్చి గుమ్మం ముందు కారు దిగాడు. వీధంతా చుట్టూ మూగింది.

ఆయన చేతులు జోడించాడు. "ఏమ్మా, బాగుండారా?"

రేణుక చంకలోని ఖాళీ బిందెను చప్పున వెనక్కి దాచుకుంది.

"బాగుండామన్నా. లోపలికి రండి, టీ తాగి పోదురు."

ఆ టీకి నీళ్లు అడుక్కురావడానికి ఉరుకుందమ్మ పెరటి దారిన పక్క వీధికి పరుగెత్తింది.