కుండలో పడని గింజ

"ఆగు. నువ్వెందుకొచ్చినవ్?"

కురుమూర్తి చేయి అడ్డం పెట్టాడు. పిడికిట్లో గింజతో కుండ దాకా వచ్చిన ఆ నడివయసు మనిషి ఆగిపోయింది.

ఆమె దొర గడీలో పనిమనిషి. భర్త పోయి పుట్టింటికి చేరిన దొర కూతురి వెంట, పోయిన నెలే ఈ ఊరొచ్చింది.

ఆ రోజు వాడ పెద్దను ఎన్నుకుంటున్నారు.

వచ్చే వారం దొర మనవరాలి పెండ్లి. ఆమె వెంట అత్తారింటికి అరణంగా, బతికినన్నాళ్లూ చాకిరీకి, వాడ నుంచి ఒక ఆడపిల్లను పంపాలి. ఈసారి దొర అడిగింది కురుమూర్తి బిడ్డ రంగమ్మను. దానికి తొమ్మిదేళ్లు.

దొరకు జవాబు చెప్పాల్సింది వాడ పెద్దే. పోటీలో ఇద్దరు: కురుమూర్తికైతే చింతగింజ, బాలయ్యకైతే జొన్నగింజ కుండలో వేయాలి. బాలయ్య మంచివాడే కానీ దొర ముందు నోరు పెగలదు.

గడీ జీతగాళ్లు ఇందులో కలగజేసుకోకూడదని ముందే అనుకున్నారు. అయినా ముగ్గురు వచ్చి గింజలు వేసిపోయారు. బాలయ్య గెలవాలని దొరే పంపాడని అందరికీ తెలుసు. కానీ ముగ్గురూ వాడవాళ్లకు చుట్టాలే, ఒకడు బావ, ఇద్దరు వియ్యంకులు. ఆపడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

"ముగ్గురు చాలలేదా? నిన్ను గూడ తోలిండా దొర?"

"నన్నెవరు తోలలేదయ్యా. నీకే వేస్త."

"గడీ కూడు తినెటోళ్లు గట్లనే అంటరు."

ఆమె ఇంకేదో చెప్పబోయింది. కురుమూర్తి భార్య ఎంకమ్మ అందుకుంది.

"పో తల్లీ. నీ దొరసాని తల దువ్వే యాళ్లయింది."

వాడంతా నవ్వింది. ఆమె వెనుదిరిగింది.

లెక్కపెడితే ఇద్దరికీ ఇరవయ్యొక్కటి. సమానమైతే వయసులో పెద్దవాడికే పెత్తనం. బాలయ్య పెద్దవాడు.

మరునాడు గడీకి పోయొచ్చిన బాలయ్య కురుమూర్తి మొహం చూడలేకపోయాడు.

"మాట రాలేదు తమ్మీ."

పెండ్లి మరునాడు పిల్లను తీసుకుపోవడానికి గడీ నుంచి ఆ పనిమనిషినే పంపారు. రంగమ్మ తల్లి కొంగు వదల్లేదు. పనిమనిషి ఒక్కో వేలూ మెల్లగా విడిపించింది.

"బండి దిగంగనే నీ పేరు గట్టిగ చెప్పు, బిడ్డా. లేకుంటె వాళ్లే ఇంకో పేరు పెడతరు."

కురుమూర్తి తలెత్తాడు.

"నీకేం పేరు పెట్టిండ్రు?"

"లచ్చి."

"అసలు పేరేంది?"

"జములమ్మ. చెన్నయ్య బిడ్డను."

ముప్పై ఏళ్ల కింద, దొర కూతురి పెండ్లికి, ఈ వాడే అరణంగా పంపిన పిల్ల ఆమె.