దలెండా తెచ్చిన లంగరు

“ఆ తుప్పుముక్కని నీళ్లలో వేశావంటే నేను ఈదుకుంటూ ఒడ్డుకు పోతాను,” అంది దలెండా.

మోంజీ చేతిలో పాత లంగరు ఉంది. బిజెర్తె రేవులో ఓడలకు దారి చూపి రిటైరైన మనిషి. లంగరు సంగతి భార్య చెబితే వింటాడా? వాళ్ల తెరచాప పడవ కాప్ సెరాత్ కొండ చాటున ఊగుతోంది. వాయవ్యాన ఆకాశం నల్లబడుతోంది.

“ఇన్నేళ్లూ మనల్ని నిలబెట్టింది ఇదే,” అన్నాడు.

“వాన లేనప్పుడు చిల్లుగొడుగు కూడా గొడుగే.”

ఆమె కాలి దగ్గర కొత్త లంగరు పడి ఉంది. పారలాంటి ఒంటి రెక్క, పాతదానికి రెట్టింపు బరువు. ఏరి ఏరి ఆమే కొనుక్కొచ్చింది.

“ఇది లంగరా, గరిటా? కుస్కుస్ వడ్డిస్తావా దీంతో?”

పక్కనే ఇంకో చిన్న పడవలో దలెండా తమ్ముడు తిజానీ రొట్టెకి హరీసా కారం రాసుకుంటూ ఇదంతా వింటున్నాడు. “బావా, ఒక్కసారి అక్క మాట విను. మీసం ఊడిపోదు.”

“ముందు నీ పడవకున్న తాళంచెవుల గుత్తి సంగతి చూసుకో. దాన్నీ లంగరంటారా?”

వాళ్లిద్దరూ మాటలు విసురుకుంటూ ఉండగానే దలెండా కొత్త లంగరుని నీళ్లలోకి వదిలేసింది. గొలుసు గలగలా దిగిపోయింది. మోంజీ గొణుక్కుంటూ ఇంజన్ వేసి పడవని వెనక్కి నడిపాడు. గొలుసు కడ్డీలా బిగుసుకుని, పడవ ఒక్క కుదుపుతో ఆగింది.

“గాలి రానీ, అప్పుడు చూద్దాం,” అన్నాడు.

గాలి వచ్చింది. వాయవ్యం నుంచి కాదు, తూర్పు నుంచి. కొండ చాటు కాస్తా ఎందుకూ పనికిరాకుండా పోయింది. పైగా ఆ కొండ రాళ్లే ఇప్పుడు వాళ్ల వెనక ఉన్నాయి. చూస్తుండగానే ఒక ఫ్రెంచి పడవ లంగరు ఈడ్చుకుంటూ వాళ్ల పక్కనుంచే జారిపోయి రాళ్లకు కొట్టుకుంది. అందులోని మొగుడూ పెళ్లాం రాళ్ల మీదికి దూకి, పాక్కుంటూ పైకెక్కారు.

తర్వాత తిజానీ పడవ లంగరు కూడా జారింది. ఇంజన్ స్టార్టవలేదు. వాడు పడవ ముక్కు మీద నిలబడి, బలంతో ఆపగలనన్నట్టు గొలుసుని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

“తాడు, అక్కా! తాడు!”

మోంజీ విసిరిన తాడు అందలేదు. మళ్లీ విసిరాడు. ఈసారి తిజానీ పట్టుకుని ముడేశాడు. ఇక రెండు పడవలకీ దిక్కు ఆ ఒక్క లంగరే. మోంజీ ముక్కు దగ్గర బోర్లా పడుకుని గొలుసు మీద చెయ్యి వేశాడు. లంగరు జారితే ఆ వణుకు చేతికి తెలుస్తుంది. వెనక దలెండా దువా చదువుతోంది. సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు. లంగరు జానెడు కూడా జరగలేదు.

పొద్దు వాలకముందే గాలి చచ్చిపోయింది. మోంజీ భార్య ముఖంలోకి చూడలేకపోయాడు.

“గరిట కాదులే,” అన్నాడు చివరికి.

“మళ్లీ చెప్పు. తమ్ముడికి వినబడలేదు.”

తిజానీ పగలబడి నవ్వాడు. మోంజీకీ నవ్వొచ్చింది.

లంగరు తీయబోతే రాలేదు. గొలుసు చుట్టే యంత్రం మూలిగి ఆగిపోయింది. మోంజీ ఇంజన్ జోరు పెంచి పడవని ముందుకి, వెనక్కి, పక్కలకి లాగించాడు. కుదిపిన ప్రతిసారీ పడవ ముక్కు నీళ్లలోకి వంగింది.

“పట్టుకుంటే వదలదు, మా అక్కలాగే,” అంటూ తిజానీ ఈత కళ్లద్దాలు పెట్టుకుని, గడ్డపార తీసుకుని దూకాడు. లోతు మూడు నిలువులే. కింద నుంచి ఠంగు ఠంగుమని దెబ్బలు వినబడ్డాయి.

పైకొచ్చి ఊపిరి పీల్చుకున్నాడు. “గుండ్రటి బండ బావా. ఒళ్లంతా నాచు, గుల్లలు. రెక్క దాని కింద ఇరుక్కుంది.”

“గట్టిగా కొట్టరా. ఆ రొట్టెలన్నీ ఎక్కడికి పోయాయి?”

మళ్లీ మునిగాడు. దెబ్బలు ఇంకా జోరుగా పడ్డాయి. దలెండా భోజనానికి నిమ్మకాయలు కోస్తోంది. ఉన్నట్టుండి దెబ్బలు ఆగిపోయాయి. తిజానీ పైకి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినవాడి చేతుల్లో గడ్డపార లేదు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఊడిందా?” మోంజీ ఇంజన్ మీద చెయ్యి వేశాడు.

“ముట్టుకోకు.” తిజానీ పడవ అంచు పట్టుకున్నాడు. “గొలుసు కూడా కదపకండి.”

“ఏమైందిరా?” అంది దలెండా.

“గుల్లలు రాలిపోయాక చూశానక్కా. అది బండ కాదు, కొమ్ములున్న ఇనప గుండు. యుద్ధంలో ఓడల్ని పేల్చడానికి వదిలిన బాంబు.”